ఫోయర్, లాబీ, ప్యాసేజ్: 200 గజాల ఇంట్లో ఏది తగ్గించొచ్చు, ఏది ముట్టొద్దు?

భీమారం_ప్లాటు (ప్రశ్న)

అందరికి నమస్తే. హన్మకొండ పక్కన భీమారంల 200 గజాల ప్లాటు, 30 బై 60, తూర్పు రోడ్డు. కింద మేముండేటందుకు డబుల్ బెడ్రూం, పైన కిరాయికి రెండు పోర్షన్లు. కట్టుబడి 23 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. నక్ష చేతికొచ్చింది. దాంట్ల దారి కిందనే నాలుగు జాగలు పోయినయి:

సిట్‌అవుట్ 6 బై 5. దర్వాజ దాటంగనే ఫోయర్ 5 బై 6. హాల్ నుంచి రెండు బెడ్రూంలు, పూజగది, వంటర్ర, కామన్ బాత్రూం కలుపుకుంట ప్యాసేజ్ 3 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు. ఆగ్నేయం మూలకు బయటి మెట్లు, వాటి ముందు లాబీ 7 బై 8. పైన కిరాయికుండేటోళ్లు అక్కడి నుంచే ఎక్కాలె.

మేస్త్రి ఏమంటున్నడంటే, ఇవన్నీ ఒకటే, ఉత్త జాగ, ఫోయర్ గోడ తీసేసి హాల్‌ల కలుపుదాం, ప్యాసేజ్‌ను రెండున్నర చేసి బెడ్రూంలకు ఇద్దాం, లాబీల బండ్లు పెట్టుకోవచ్చు అని. ఇంట్ల మా నాయినమ్మ వాకర్ పట్టుకొని నడుస్తది. రెండు వారాల్ల ముగ్గు పోసుడు (పునాదికి నేల మీద గీతలు గీసుడు) ఉన్నది. ఈ నాలుగింటికి అసలు తేడా ఏంది, ఎంతెంత ఉండాలె, ఏది కోస్తే ఏం నష్టమో కొలతలతోని చెప్పుండ్రి.

నక్షాఘర్_వరంగల్ (ఆర్కిటెక్ట్)

మేస్త్రి గారి మాటలో సగం నిజం ఉంది. మీ నక్షలో దారికి పోయిన జాగ ఎక్కువే. కానీ ఆయన కోయమంటున్న చోట్లు సరైనవి కావు.

పేర్లు పక్కన పెట్టి, అక్కడ మనిషి ఏం చేస్తాడో చూడండి. ప్రవేశం దగ్గర మనిషి ఆగుతాడు. చెప్పులు విడుస్తాడు, గొడుగు దులుపుతాడు, తాళం తీస్తాడు, వచ్చినవాళ్లు ఎవరో చూసి లోపలికి పిలుస్తాడు, లేదా అక్కడే మాట్లాడి పంపిస్తాడు. ప్యాసేజ్‌లో ఎవరూ ఆగరు. అందుకని ప్రవేశానికి కొలత లోతును బట్టి, తలుపు తిరిగే మేరను బట్టి వస్తుంది. ప్యాసేజ్‌కు కొలత వెడల్పును బట్టి వస్తుంది. దాని పొడవు ఎంత తగ్గితే అంత లాభం. మీ మేస్త్రి గారు పొడవును అలాగే ఉంచి వెడల్పు కోస్తున్నారు, అక్కడే వచ్చింది చిక్కు.

పాలంపేట రామప్ప గుడిలో (1213) ఈ తేడా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. తూర్పు, ఉత్తరం, దక్షిణం మూడు వైపులా ముందుకు పొడుచుకొచ్చిన ప్రవేశ మండపాలున్నాయి. ఎండలోంచి మెట్లెక్కి వచ్చినవాళ్లు నీడలో ఒక్క క్షణం నిలబడి లోపలికి వెళ్లే చోట్లవి. మహామండపానికీ గర్భగుడికీ నడుమ ఉన్న అంతరాళం అలా కాదు. దానికి బయటి ప్రపంచంతో పని లేదు, రెండు చోట్లను కలపడమే దాని పని. రెండూ చిన్నవే, రెండూ దారిలోవే. అయినా ఒకదాని కొలత ఇంకొకదానికి పనికిరాదు.

ఇప్పుడు మీ ఫోయర్ లెక్క. 5 అడుగుల వెడల్పంటే 60 ఇంచులు. మెయిన్ దర్వాజ ఖాళీ 42 ఇంచులు. బిజాగ్రి (తలుపు బందు) వైపు గోడకు 4 ఇంచులు వదిలితే, తాళం వైపు 14 ఇంచులు మిగులుతుంది. 12 ఇంచుల లోతు చెప్పుల స్టాండు సరిగ్గా అక్కడ పడుతుంది, తలుపుకు తగలదు. దర్వాజను వెడల్పుకు సరిగ్గా నడిమధ్య పెడితే రెండు వైపులా 9 ఇంచుల చొప్పున మిగులుతుంది, అందులో ఏ స్టాండూ పట్టదు. చెప్పులు వాకిట్లోనో హాల్‌లోనో చెల్లాచెదురుగా పడి ఉండటానికి సగం ఇళ్లలో కారణం ఇదే. ఇక లోతు: తలుపు రెక్క సుమారు 38 ఇంచులు, 6 అడుగుల ఫోయర్‌లో దాని వెనక 34 ఇంచులు మిగులుతుంది. ఒక మనిషి నిలబడి తలుపు వేసుకోవచ్చు. అదే లోతు 4 అడుగులైతే మిగిలేది 10 ఇంచులు, వచ్చినవాళ్లు హాల్‌లోకి వెనక్కి జరిగితే గాని తలుపు పడదు.

ఫోయర్ గోడ తీసేస్తే హాల్‌కు 30 చదరపు అడుగులు కలుస్తాయి అంటున్నారు. కాగితం మీద కలుస్తాయి. తలుపు తిరిగే చోటు, చెప్పుల చోటు, లోపలికి నడిచే దారి మాత్రం ఎక్కడికీ పోవు. అక్కడ సోఫా వేయలేరు. కలిసేది చూపుకు మాత్రమే.

చూపు కోసమే అయితే దారి ఉంది. నిలువు గోడ పూర్తిగా కట్టకండి. మూడున్నర అడుగుల ఎత్తు వరకు సగం గోడ, దాని మీద చెక్క జాలీ పెట్టండి. గాలి ఆడుతుంది, హాల్ పెద్దగా కనిపిస్తుంది, గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు డైనింగ్ టేబుల్ కనపడదు. వరంగల్ కోట రాతి ప్రాకారం ద్వారాల దగ్గర దారి నేరుగా లోపలికి పోకుండా మలుపు తిరిగేది శత్రువు జోరు తగ్గించడానికి. ఇంట్లో అంత అక్కర్లేదు గాని, దర్వాజ లోంచి చూపు నేరుగా బెడ్రూం తలుపు మీద పడకుండా రెండు అడుగులు పక్కకు జరిపితే చాలు, ఇంట్లోవాళ్లు హాయిగా తిరుగుతారు.

ప్యాసేజ్ సంగతి. 17 అడుగులు ఎందుకైందో చూడండి. పూజగది, వంటర్ర తలుపులు కూడా దాంట్లోకే తెరుచుకుంటున్నాయి. ఆ రెండింటినీ డైనింగ్ వైపుకు తిప్పితే ప్యాసేజ్‌కు మిగిలేవి మూడు తలుపులే: రెండు బెడ్రూంలు, బాత్రూం. అప్పుడు పొడవు 11 అడుగులకు వస్తుంది. వెడల్పు మూడున్నర చేసినా 38.5 చదరపు అడుగులే అవుతుంది. ఇప్పుడున్నది 51. అంటే వెడల్పు పెంచి కూడా పన్నెండున్నర చదరపు అడుగులు మిగిల్చుకున్నట్టు. మేస్త్రి గారి పద్ధతిలో, రెండున్నర చేస్తే, మిగిలేది ఎనిమిదిన్నర. పైగా నాయినమ్మ వాకర్ ఇరుక్కుంటుంది.

లాబీ ఈ రెండింటి కలయిక. దారులు కలిసే చోటు: గేటు నుంచి ఒకటి, మెట్ల మీద నుంచి ఒకటి, మీ ఇంటి వైపు ఒకటి. అక్కడ కొందరు నడుస్తుంటారు, కొందరు ఆగుతారు. కాబట్టి ముందు నడిచే దారి వెడల్పు తీసి పెట్టి, ఆగే చోటు దాని పక్కన అదనంగా చూడాలి. దారి మీదే ఆగే చోటు పెడితే అది లాబీ కాదు, అడ్డంకి.

సైట్_ఇంజనీర్_కరీంనగర్

పైన అన్న చెప్పిన లెక్క కరెక్టే. కాకపోతే నక్షల 3 అడుగులు రాసుంటే ఇంట్ల 3 అడుగులు రాదు. అక్కడ చానా మంది దెబ్బతింటరు, అది చెప్త.

నక్షల కొలత ఇటుక నుంచి ఇటుకకు. దాని మీద లోపలి ప్లాస్టర్ ఒక్కో దిక్కు 12 మిల్లీమీటర్లు, గోడ వంకర ఉన్నకాడ 15, 20 దాకా పోతది. రెండు దిక్కుల కలిపి ఇంచు, ఇంచుంబావు పోయినట్టే. దాని మీద స్కర్టింగ్ (గోడ అడుగున పెట్టే) టైలు ఇంకో 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం. గిట్ల 36 ఇంచుల ప్యాసేజ్ కాళ్లకాడికొచ్చేవరకు 34కు దిగుతది. మూడున్నర అడుగులు నికరంగ కావాల్నంటే ఇటుక నుంచి ఇటుకకు 3 అడుగుల 8 ఇంచులు పెట్టమని నక్ష మీదనే రాయించుండ్రి. "ఫినిష్ అయినంక" అన్న మాట లేకుంట కొలత ఒప్పుకోవద్దు.

దీనికన్న పెద్ద దెబ్బ కాలమ్ కొడ్తది. లోపలి గోడలు నాలుగున్నర ఇంచులు, కాలమ్ 9 ఇంచులు. ఆ కాలమ్ ప్యాసేజ్ గోడల వస్తే మిగిలిన నాలుగున్నర ఇంచులు ఏదో ఒక దిక్కు బయటికి పొడుచుకొస్తది. ప్యాసేజ్ దిక్కొస్తే 3 అడుగుల దారి అక్కడ 2 అడుగుల ఏడున్నర ఇంచులే. ఫుటింగ్ (కాలమ్ కింది పునాది) పడ్డంక దీన్ని ఎవ్వలు మార్చలేరు. ముగ్గు పోసేటప్పుడే కాలమ్ మార్కింగ్ చూసి, పొడుచుకొచ్చే ముక్కను బెడ్రూం దిక్కు, అల్మార్ వచ్చే మూలకు నెట్టుండ్రి. అల్మార్ల కలిసిపోతది, కనబడది.

దర్వాజల సంగతి. నాయినమ్మ ఉన్నదన్నరు కాబట్టి ఇది ముఖ్యం. చౌకట్టు కట్టె ఒక్కో దిక్కు రెండున్నర ఇంచులు, రెక్క మందం ఒకటిన్నర ఇంచు. 30 ఇంచుల బాత్రూం దర్వాజల 5 పోతే 25, రెక్క తెరిచినంక అడ్డం నిలబడే మందం పోతే ఇరవై మూడున్నర. చానా వాకర్ల కాళ్ల నడుమ వెడల్పు 22 నుంచి 25 ఇంచులు ఉంటది. పట్టీ పట్టనట్టు అయితది, పెద్దమనిషి వాకర్‌ను వంచి దూర్చబోయి పడేది అక్కడనే. 3 అడుగుల దర్వాజల ఇరవై తొమ్మిదిన్నర నికరం దొరుకుతది, వాకర్‌కు చాలు. రేపు వీల్‌చైర్ అవసరం పడ్తే 900 మిల్లీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర ఇంచులు నికరం కావాలె. దానికి మూడున్నర అడుగుల దర్వాజ పెట్టాలె. ఆమె పండుకునే అర్రకైనా మూడున్నర, కామన్ బాత్రూంకు కనీసం 3 పెట్టుండ్రి. బాత్రూం కోసం ప్రత్యేకంగ ఒక మాట: రెక్క బయటికి తెరుచుకునేటట్టు పెట్టుండ్రి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపు ఆ మనిషికే అడ్డం తగుల్తది, తెరవరాదు. మిగిలిన అర్రల తలుపులన్ని అర్ర లోపలికే తెరవాలె, ప్యాసేజ్‌లకు ఒద్దు. బాత్రూం ఒక్కటి ప్యాసేజ్ చివర ఉంటె దాని రెక్క బయటికొచ్చినా నడిచేటోళ్లకు తగలది.

లెవల్స్. సిట్‌అవుట్ గచ్చు హాల్ కన్న ఒకటిన్నర ఇంచు కిందికుండాలె, దానికి బయటి దిక్కు వాటం ఉండాలె. 6 అడుగులకు ముప్పావు ఇంచు చాలు. వాటం లేకుంట సదురుగ పోస్తే వానకాలం గాలివాన కొట్టినప్పుడు నీళ్లు చౌకట్టు కాళ్లకాడ నిలబడి కట్టె నల్లబడ్తది, చెదలు అక్కడ్నుంచే మొదలైతది. మీద సజ్జ దర్వాజ వెడల్పుకే పోస్తున్నరు, అది చాలది. దర్వాజకు అటీటు అడుగు ఎక్కువ, ముందుకు కనీసం మూడడుగులు రావాలె. సజ్జ కింది అంచుకు ముప్పావు ఇంచు గీత గాడి తీయించుండ్రి, నీళ్లు అడుగు పట్టుకొని గోడ దాక పాకకుంట అక్కడనే చుక్క రాలుతది.

కడప ఎత్తు మీద ఇంట్లోళ్లతోని మాట్లాడుకోండ్రి. మూడించుల కట్టె కడప పెడ్తే వాకర్ దాటది. నల్ల గ్రానైట్ కడప పెట్టి, లోపలి దిక్కు 12 మిల్లీమీటర్లకు మించకుంట, అంచు ఏటవాలు చేస్తే పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు, వాకర్ చక్రం కూడ ఎక్కుతది. బయటి దిక్కు ఆ ఒకటిన్నర ఇంచు లెవల్ తేడా ఉన్నది గదా, దాన్ని మెట్టు చేయకుంట దర్వాజ ముందట ఒకటిన్నర అడుగుల పొడవున ఏటవాలు బండ వేయించుండ్రి.

ప్లింత్ (నేల మీదికెళ్లి ఇంటి గచ్చు ఎత్తు) ఎంత లేపుతున్నరో రాయలేదు. 2020 ఆగస్టుల, 2023 జులైల వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినంక అందరు మూడడుగులు, నాలుగడుగులు లేపుతున్నరు. తప్పనను, కాని ర్యాంప్ లెక్క మర్చిపోవద్దు. ఒకటికి పన్నెండు వాటం: మూడడుగుల ఎత్తుకు 36 అడుగుల ర్యాంప్. మీ ప్లాటు వెడల్పే 30. అందుకని ఎత్తును రెండు ముక్కలు చేయుండ్రి. బండి పెట్టే జాగను రోడ్డు మీదికెళ్లి అడుగున్నర లేపి, అక్కడి నుంచి ఇంటి గచ్చు ఇంకో అడుగున్నర. ఆ రెండో అడుగున్నరకు 18 అడుగుల ర్యాంప్ ఇంటి పొంటి పడ్తది. దర్వాజ ముందట మాత్రం 5 అడుగుల సదురు జాగ ఉండాలె. ర్యాంప్ నేరుగ కడపకు తగిలితే తాళం తీసేటప్పుడు చక్రం వెనుకకు జారుతది.

మెట్లకు, సిట్‌అవుట్‌కు పాలిష్ గ్రానైట్ ఒద్దు. కరీంనగర్ గ్రానైట్‌నే గరుకుగ ఉండే ఫ్లేమ్డ్ లేకపోతే లెదర్ ఫినిష్ తీసుకోండ్రి. తడి కాళ్లకు పాలిష్ బండ జారుతది.

వైరింగ్_హుజూరాబాద్ (ఎలక్ట్రీషియన్)

నా పని వరకు చెప్తా. ఫోయర్‌కు, ప్యాసేజ్‌కు లైటు పద్ధతే వేరు.

ఫోయర్ దగ్గర లైటు వచ్చిన మనిషి మొఖం మీద పడాలి. బయటి లైటు దర్వాజ పైన నడుమ పెడితే టోపీ, తలకొంగు నీడలో మొఖం కనపడదు. తాళం వైపు గోడకు ఆరున్నర అడుగుల ఎత్తులో పెట్టండి, తాళం చెవి దూర్చడానికీ వెలుతురు ఉంటుంది. బెల్ స్విచ్ 4 అడుగుల ఎత్తులో. డీబీ పెట్టె (ఇంటి కరెంటును కంట్రోల్ చేసే ఎంసీబీ స్విచ్‌లుండే పెట్టె) ఫోయర్‌లో పెట్టొచ్చు గాని, తలుపు తెరిచినప్పుడు దాని వెనక పడే గోడకు వద్దు, చెప్పుల స్టాండు పైన కూడా వద్దు. ఎంసీబీ పడిపోయిన చీకట్లో చేతికి అందాలి. దాని ముందు 3 అడుగులు ఖాళీ ఉండాలి.

ప్యాసేజ్‌కు టూవే స్విచ్ (ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆర్పేది) రెండు చివరలా తప్పదు. స్లాబ్ పోసేముందే పైపు వేయించండి, తర్వాత గోడ కొట్టాల్సొస్తుంది. 11 అడుగుల ప్యాసేజ్‌కు ఒకే లైటు నడుమ పెడితే బాత్రూం తలుపు ముందు మన నీడే మనకు అడ్డం వస్తుంది. రెండు చిన్న లైట్లు, ఒక్కొక్కటి చివరి నుంచి రెండున్నర, మూడడుగుల లోపల పెట్టండి. బాత్రూం దగ్గర నేల నుంచి అడుగు ఎత్తులో ఒక ఫుట్‌ల్యాంప్. పెద్దవాళ్లు రాత్రి లేస్తే పెద్ద లైటు వేయరు, చీకట్లోనే నడుస్తారు.

ఇన్వర్టర్ బ్యాటరీని ప్యాసేజ్‌లో పెట్టే అలవాటు మానుకోవాలి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 55, 60 కిలోలుంటుంది, ట్రాలీతో కలిపి అడుగు వెడల్పు మింగుతుంది. మూడడుగుల దారి రెండడుగులైపోతుంది. పైగా ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, గాలి ఆడని ప్యాసేజ్‌లో అది మంచిది కాదు. వంటర్ర వెనక యుటిలిటీలో పాయింట్ ఇప్పించుకోండి.

సామాను పెట్టాలనుకుంటే ప్యాసేజ్ పక్కలకు కాదు, పైకి పెట్టండి. స్లాబ్ 10 అడుగుల ఎత్తుంటే 7 అడుగుల 3 ఇంచుల దగ్గర అటక పోయించండి, రెండడుగులకు పైనే ఖాళీ దొరుకుతుంది. అటక కిందికి లైటు పైపు దింపాలి, అది ముందే చెప్పాలి.

భీమారం_ప్లాటు

చానా మంచిగ చెప్పిన్రు. పూజగది, వంటర్ర తలుపులు తిప్పమని ఆర్కిటెక్టుకు ఫోన్ చేసిన, అయితదన్నరు. ప్లింత్ మూడడుగులు అనుకుంటున్నం, రెండు ముక్కల పద్ధతే చేస్తం. ఇగ మెట్ల ముందటి లాబీ. కిరాయికొచ్చేటోళ్లకు రెండు బండ్లు అక్కడ పెట్టుకోనిస్తే ఏమైతది? ఇంకోటి, మెట్ల కాడ మలుపు 3 అడుగులే ఉన్నది, పైకి బీరువాలు ఎక్కుతయా?

సైట్_ఇంజనీర్_కరీంనగర్

బీరువా ఎక్కుతది, నిలబెట్టి తిప్పుతరు కాబట్టి. నిలబెట్టలేనిది స్ట్రెచర్. లెక్క దానికే చూడాలె.

రెండు దిక్కుల ఒకటే వెడల్పున్న ఎల్ మలుపుల, ఒక వస్తువు పండుకోబెట్టి తిప్పాల్నంటే దాని పొడవు ఎంతవరకు పోతదంటే: దారి వెడల్పును 2.83తోని గుణించి, ఆ వస్తువు వెడల్పుకు రెండింతలు తీసెయ్యాలె. స్ట్రెచర్ రెండడుగుల వెడల్పు అనుకోండ్రి. 3 అడుగుల మలుపుల 8.49 లకెల్లి 4 తీస్తే నాలుగున్నర అడుగుల వస్తువే తిరుగుతది. మూడున్నర అడుగులైతే 5.9. నాలుగడుగులైతే 7.3. ఆరున్నర అడుగుల స్ట్రెచర్ తిరగాల్నంటే కనీసం 3 అడుగుల 9 ఇంచులు కావాలె, మోసేటోళ్ల చేతులకు కూడ జాగ కావాలె గనుక నాలుగు పెట్టుండ్రి. మూడడుగుల మలుపు ఉంటె పైనున్న పేషెంటును కుర్చీల కూసోబెట్టి దించాల్సొస్తది, గుండెనొప్పి వచ్చిన మనిషికి, నడుము విరిగిన మనిషికి అది మంచిది కాదు. మీ లాబీ 7 బై 8 ఉన్నది, కింద ఇబ్బంది లేదు. సగం మెట్ల కాడి ల్యాండింగ్ చూస్కోండ్రి, అది మెట్ల వెడల్పు కన్న తక్కువ ఉండొద్దు. మెట్లు మూడున్నర, ల్యాండింగ్ నాలుగు పెడ్తే సుఖం.

బండ్ల లెక్క: బండి హ్యాండిల్ రెండున్నర అడుగులు. 7 అడుగుల లాబీల ఒక్క బండి పెడ్తే నాలుగున్నర మిగుల్తది, రెండు పెడ్తే రెండడుగులే.

ఫైర్_సేఫ్టీ_కాజీపేట

బండ్ల విషయంలో ఒకటి కలుపుతాను. అది వెడల్పు సమస్య మాత్రమే కాదు. పై అంతస్తులో ఉన్నవాళ్లకు కిందికి దిగే దారి అదొక్కటే. పెట్రోల్ బండి గాని, ఛార్జింగ్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ గాని అంటుకుంటే మెట్లున్న నిలువు ఖాళీ పొగగొట్టంలా పని చేస్తుంది, పొగ ముందు పైకే పోతుంది. మంట కింద చిన్నదే అయినా పైవాళ్లు దిగలేరు. లాబీలో, మెట్ల కింద ఛార్జింగ్ పాయింటే ఇవ్వొద్దు. పాయింటు ఉంటే వద్దన్నా పెడతారు. ఆ పాయింటు ముందు ఆవరణలో, మెట్లకు దూరంగా, గోడకు ఇవ్వండి. కరెంటు మీటర్లు కూడా లాబీలోనే పెడుతుంటారు. వీలైతే బయటి గోడకు పెట్టించండి. లోపలే తప్పదంటే, వాటి ముందు 3 అడుగులు ఖాళీ ఉంచి, కింద పాత పేపర్లు, గ్యాస్ బండలు పెట్టనివ్వకండి.

జమ్మికుంట_హాలు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, ఇదే సంగతి మాకూ ఉంది. 500 మందికి ఫంక్షన్ హాలు, పెళ్లి పై అంతస్తులో, భోజనాలు కింద. మా ఇంజనీరు ముందు భాగంలో 30 బై 15 ఫోయర్ చూపించాడు. పార్ట్‌నర్లు అది దండగ, దాన్ని కూడా హాల్‌లో కలపమంటున్నారు. ఇంట్లో చెప్పిన లెక్కే ఇక్కడా చెల్లుతుందా?

ఫైర్_సేఫ్టీ_కాజీపేట

మూలం అదే, కొలతలు వేరు. ఇంట్లో ఒకరిద్దరు ఆగుతారు. మీ దగ్గర బారాత్ వచ్చిన పది నిమిషాల్లో రెండు వందల మంది ఒకేసారి ఆగుతారు: ఎదురుకోలు, పన్నీరు, ఫొటోలు. ఫోయర్ లేకపోతే ఆ ఆగడం అంతా మెట్ల మీదో, హాల్ తలుపుల్లోనో జరుగుతుంది. వెనక నుంచి వచ్చేవాళ్లకు ముందు ఆగారని తెలియదు, నెడతారు. ఫోయర్ అసలు పని ఆ గుంపును దారి పక్కకు తీసుకోవడం. అందుకే ఎదురుకోలు స్థలం తలుపుకు ఎదురుగా కాకుండా ఒక పక్కన ఉండాలి, తలుపు నుంచి మెట్ల వరకు దారి నేరుగా ఖాళీగా ఉండాలి.

బయటికి వెళ్లే లెక్క నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఇలా చూస్తారు. సమతలం మీద, తలుపుల్లో మనిషికి 6.5 మిల్లీమీటర్ల వెడల్పు. మెట్ల మీద మనిషికి 10 మిల్లీమీటర్లు. 500 మందికి తలుపులు మొత్తం 3.25 మీటర్లు, మెట్లు మొత్తం 5 మీటర్లు. జనం గుమిగూడే భవనాల్లో ఒక్కో తలుపు 2 మీటర్లకు తగ్గకూడదు కాబట్టి, 2 మీటర్ల తలుపులు రెండు పెడితే తలుపుల లెక్క సరిపోతుంది. మెట్లే మీకు సమస్య. రెండున్నర మీటర్లవి రెండు కావాలి, అవి హాల్‌కు ఎదురెదురు చివరల్లో ఉండాలి. రెండూ ముందు ఫోయర్‌లోకే దిగితే రెండున్నట్టు లెక్క కాదు, ఎందుకంటే ఫోయర్‌లో పొగ నిండితే రెండూ ఒకేసారి మూసుకుపోతాయి. ఒకటి ఫోయర్‌లోకి, ఇంకొకటి వెనక నుంచి నేరుగా బయటికి దిగాలి.

తలుపులు బయటికి తెరుచుకోవాలి. పెళ్లి జరుగుతున్నంతసేపు గడియలు, తాళాలు ఉండకూడదు. నెడితే తెరుచుకునే పానిక్ బార్ పెట్టించండి. పెళ్లికూతురు గది, స్టోరు, టాయిలెట్ల వైపు పోయే కారిడార్ ఒక చివర మూసుకుపోయి ఉంటే ఆ మూసిన భాగం 6 మీటర్లు దాటొద్దు. పొగలో దారి తప్పినవాళ్లు అటు పోయి వెనక్కి రాలేక చిక్కుకుంటారు. హాల్‌లో ఏ మూల నుంచైనా బయటి దారికి నడిచే దూరం 30 మీటర్లు మించకూడదు.

ఇంకో మాట గట్టిగానే చెప్తాను. ఫోయర్‌లో బట్ట పరదాలు, థర్మకోల్ కమాన్లు, సీరియల్ బల్బులు కలిపి కట్టే డెకరేషన్ తలుపు చౌకట్టుకు ఆనించి కట్టనివ్వకండి. 2 మీటర్ల తలుపు కమాన్ వల్ల మీటరున్నర అవుతుంది, అంటుకుంటే మంట సరిగ్గా తలుపులోనే ఉంటుంది. డెకరేషన్ వాళ్లతో ఒప్పందం రాసుకునేటప్పుడే తలుపు నుంచి ఎంత దూరంలో కమాన్ నిలబెట్టాలో నేల మీద రంగు గీత వేసి చూపించండి.

నక్షాఘర్_వరంగల్ (ఆర్కిటెక్ట్)

జమ్మికుంట అన్నా, ఇంకో లాభం చూడండి. హాల్ ఏసీ అయితే ఫోయర్‌కు రెండు వరుసల తలుపులు పెట్టొచ్చు, బయటి వరుస, లోపలి వరుస. రెండింటి నడుమ కనీసం 7 అడుగులు ఉంటేనే ఒకటి మూసుకున్నాక రెండోది తెరుచుకుంటుంది. నాలుగడుగులే ఉంటే ఒకే మనిషి రెండింటినీ ఒకేసారి తెరిచి పట్టుకుంటాడు, బయటి వేడి నేరుగా లోపలికి వస్తుంది. ఎండాకాలం ముహూర్తాలకు ఏసీ మీద పడే బరువు అక్కడే తగ్గుతుంది. డోర్ క్లోజర్లు మంచివి వేయించండి, నూనె కారేవి పెడితే తలుపు సగంలోనే ఆగిపోయి అంతా వృథా.

నర్సింగ్ హోమ్ కట్టేవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒకటి. కారిడార్ 2.4 మీటర్లు, అంటే దాదాపు 8 అడుగులు ఇచ్చి, తర్వాత దాంట్లోనే ఓపీ కుర్చీలు వేస్తున్నారు. కుర్చీ రెండడుగులు, కూర్చున్నవాళ్ల కాళ్లు ఇంకో అడుగున్నర. మిగిలేది నాలుగున్నర. మంచం వెడల్పు మూడడుగులు, ఎదురుగా ఇంకో మంచం వస్తే తప్పుకునే చోటు లేదు. ఆగేవాళ్లకు వేరే గది లేదా గోడలోకి నాలుగడుగులు వెనక్కి జరిపిన చోటు ఇవ్వాలి, కారిడార్ గోడలకు చేతి కమ్మీ తప్ప ఇంకేదీ ఉండకూడదు.

భీమారం తమ్ముడూ, కొత్త నక్ష వచ్చాక ముగ్గు పోయకముందే నేల మీద సున్నంతో ఫోయర్, ప్యాసేజ్ గీయించండి. తలుపు రెక్క తిరిగే వంపులు కూడా గీయించండి. నాయినమ్మను వాకర్‌తో గేటు గీత నుంచి ఆమె అర్ర వరకు, అర్ర నుంచి బాత్రూం వరకు ఒకసారి నడిపించండి. ఎక్కడ ఆగి వాకర్ తిప్పుకుంటుందో అక్కడ కొలత మళ్లీ చూడండి.